ములాఖత్ కాగితంలో రెండు గడులు

ములాఖత్ దరఖాస్తు అరకాగితానికి మించదు. ఖైదీ పేరు, తండ్రి పేరు, రిమాండ్ నంబరు, వచ్చినవారి పేరు, ఆధార్ సంఖ్య, ఊరు రాశాక చివర రెండు గడులు మిగులుతాయి. ఒకటి ఖైదీతో సంబంధం, రెండోది ములాఖత్‌కు కారణం. మా చిన్నాన్న కొడుకును చూడడానికి పిన్నిని వెంటబెట్టుకుని మొదటిసారి వెళ్లినప్పుడు ఆ రెండో గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలుగు వాచకం చెబుతున్నవాణ్ణి. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా మా ఇంటికే వస్తారు. అయినా అక్కడ ఏం రాయాలో నాకు తోచలేదు. కేసు విషయం అని రాస్తే ప్లీడరును పంపమంటారేమో, కుటుంబ విషయం అని రాస్తే అదేమిటో చెప్పమంటారేమో అని తటపటాయిస్తుంటే, పిన్ని నా భుజం మీదుగా ఆ కాగితంలోకి చూసి, "ఏముందిరా రాయడానికి, చూడ్డానికని రాయి," అంది. అలాగే రాశాను. కిటికీ లోపలి ఉద్యోగి ఆ గడి వైపు చూడనే లేదు.

ములాఖత్ అన్న మాటకు ఉర్దూలో ఏ ఇద్దరు కలుసుకున్నా చెల్లే అర్థం ఉంది. తెలుగులోకి వచ్చేసరికి పెళ్లిచూపులూ స్నేహితుల భేటీలూ అన్నీ జారిపోయి, జైలు ఒక్కటే మిగిలింది. 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారా చంద్రబాబు నాయుడు రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో రిమాండులో ఉన్న యాభై పైచిలుకు రోజులూ ఈ మాట టీవీల్లో మోగిపోయింది. వారానికి ఎన్ని ఇస్తారు, ఒక్కసారికి ఎందరిని పంపుతారు, లాయర్ల ములాఖత్ లెక్క వేరా కాదా అన్న చర్చ టీ కొట్ల దాకా వచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలతో నాకిక్కడ పని లేదు. అప్పట్లో నేనూ అందరిలాగే, ములాఖత్ అంటే ఎవరో లోపలికి వెళ్లడం, బయటికి వచ్చి మైకుల ముందు నాలుగు మాటలు చెప్పడం అనే అనుకున్నాను. మరుసటి ఏడు మా ఇంట్లోకే ఆ మాట వచ్చాక గాని తెలియలేదు, మైకులు లేని మనిషికి ములాఖత్‌లో తొంభై పాళ్లు గేటు బయటే గడుస్తుందని.

నా వాదన చిన్నదే. ప్రభుత్వం ములాఖత్‌ను ఖైదీకి ఇచ్చే సదుపాయంగా చూస్తుంది. అందుకే అతని ప్రవర్తన బాగుంటే ఇస్తుంది, బాగులేకపోతే కోస్తుంది. కానీ ములాఖత్ గదిలో ఇనుపజాలీకి ఇవతల నిలబడిన మనిషి ఏ నేరమూ చేయలేదు, ఆ మనిషి మీద ఏ కేసూ లేదు. ములాఖత్ సగం ఆ మనిషి హక్కు. కనుక ఒక జైలు ములాఖత్‌లను ఎంత సవ్యంగా నడుపుతోందో తెలుసుకోవాలంటే, లోపల ఎన్ని నిమిషాలు ఇచ్చారన్నది చూస్తే చాలదు. ఆ నిమిషాల కోసం వచ్చినవారి రోజు ఎంత పోయిందో చూడాలి.

మా రోజు ఎలా పోయేదో చెబుతాను. మా ఊరి నుంచి తొలి బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు. రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి, జైలు గేటు ముందు దిగేసరికి తొమ్మిది దాటేది. గేటుకు ఎదురుగా ఒక కిళ్లీ కొట్టు ఉంది. జైలు గోడ మీద అంటించిన నిబంధనల కాగితం ఎండకు వెలిసిపోయి చదవడానికి వీల్లేకపోయినా, ఆ కొట్టాయనకు అవన్నీ కంఠస్థం. ఫోను దాచిపెట్టడానికి పది రూపాయలు, సంచికి అయిదు. అరటిపళ్లు తీసుకుంటారు, ద్రాక్షపళ్లు తీసుకోరు, బిస్కెట్ పొట్లం విప్పి ఇవ్వాలి, ఇంట్లో వండినది ఏదీ లోపలికి పోదు. ద్రాక్షపళ్లు ఎందుకు తీసుకోరని అడిగితే, "ఈ నెల అంతే మాస్టారూ," అన్నాడు. దరఖాస్తు ఇచ్చాక పేరు పిలిచేదాకా రేకుల షెడ్డు కింద నిలబడాలి. ఉన్న రెండు బల్లలూ చంటిపిల్లల తల్లులకే చాలేవి కావు. పేరు ఒక్కసారే పిలుస్తారు. ఆ క్షణాన మరుగుదొడ్డికి వెళ్లిన మనిషి వంతు అయిపోయినట్టే. మరుగుదొడ్డి ఉన్నది ఫర్లాంగు అవతల పెట్రోలు బంకులో. అందుచేత పిన్ని ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ మంచినీళ్లు ముట్టేది కాదు. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు, మూడో ప్రయాణంలో నేనే గమనించాను.

లోపలికి పంపేముందు మణికట్టు మీద ఊదారంగు ముద్ర వేస్తారు. బయటికి వచ్చేటప్పుడు ఆ ముద్ర చూపించాలి, లేకపోతే ఎవరు ఖైదీయో ఎవరు చుట్టమో తేలదు. ఏర్పాటు సబబైనదే, దాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ సిరా రెండు రోజుల దాకా పోదు. తిరుగు బస్సులో తెలిసినవారు ఎక్కితే పిన్ని కొంగు ముంజేతి మీదికి లాక్కుని కూర్చునేది.

ఇక ములాఖత్ గది. రెండు వరుసల ఇనుపజాలీ, వాటి నడుమ మూరెడు ఖాళీ. ఇటు ఆరుగురు ఖైదీల తాలూకువారు, అటు ఆరుగురు ఖైదీలు, అందరూ ఒకేసారి మాట్లాడాలి. పక్కవాళ్ల గొంతు పెరిగితే మన గొంతు పెంచాలి, మనది పెరిగితే వాళ్లు ఇంకా పెంచుతారు. రెండు నిమిషాల్లో ఆ గది సంతలా మారిపోతుంది. నా చొక్కా జేబులో నాలుగు ప్రశ్నలు రాసుకున్న కాగితం ఉంది: జామీనుకు ఎవరి పాసుపుస్తకం పెట్టాలి, కౌలు డబ్బులు ఎవరి దగ్గర ఆగాయి, పిల్లవాడి బడి ఫీజు కట్టాడా లేదా, వకాల్తా మీద సంతకం పెట్టి జైలరు చేత ధ్రువీకరణ చేయించి పంపాడా. పిన్ని జాలీకి నుదురు ఆనించి, "తిన్నావా?" అని అడిగింది. వాడికి వినపడలేదు. మళ్లీ అడిగింది. తిన్నానన్నాడు. ఏం తిన్నావని అడిగింది. నిద్ర పడుతోందా, దోమలున్నాయా, పన్ను నొప్పి తగ్గిందా అని ఒక్కొక్కటీ రెండేసి మార్లు అడిగింది. వాడు నోరు తెరిచి పన్ను చూపించబోయాడు. ఆ జాలీల్లోంచి ఏం కనిపిస్తుంది? పన్నెండు నిమిషాలకు గంట కొట్టారు. నా కాగితంలోని నాలుగు ప్రశ్నల్లో ఒక్కటే అడగగలిగాను. పాసుపుస్తకం సంగతి తేలడానికి తరువాతి ములాఖత్ దాకా ఆగాల్సి వచ్చింది, ఆ మేరకు జామీనూ వెనకబడింది.

దారంతా పిన్ని మీద నాకు కోపంగానే ఉండింది. ఆ కోపం న్యాయమైనది కాదని ఇప్పుడు తెలుసు. కొడుకు బతికి ఉన్నాడో లేడో కళ్లారా చూసి రావడానికి ఒక మనిషి, కేసు పనులు చూసుకోవడానికి ఇంకొక మనిషి, ఇద్దరమూ అదే పన్నెండు నిమిషాల కోసం పోటీపడ్డాం. తప్పు ఆమె ప్రశ్నల్లో లేదు, ఆ నిమిషాల లెక్కలోనే ఉంది.

రిమాండ్ ఖైదీకి వారానికి రెండు ములాఖత్‌లు అన్నది మన దగ్గర నడుస్తున్న లెక్క. కాగితం మీద అది ఉదారంగానే కనిపిస్తుంది. కూలికి పోయే ఇంట్లో ఒక్క ములాఖత్ అంటే ఇద్దరివీ కలిపి రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు, ఆటో, కిళ్లీ కొట్టు, లోపల వాడి ఖాతాలో క్యాంటీను కోసం వేసే డబ్బు. వారానికి రెండుసార్లు రాగలిగిన వాళ్లను ఆ షెడ్డు కింద నేను చూసింది తక్కువ. నెలకొకసారి వచ్చేవాళ్లే ఎక్కువ. హక్కు వారానికి రెండు, అందుకునేది నెలకు ఒకటి. ఈ తేడాను ఏ జైలు రిజిస్టరూ రాసిపెట్టదు, ఎందుకంటే రానివారి పేరు రిజిస్టరులోకి ఎక్కదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. జైలు సంస్కరణల పేరిట వేసిన కమిటీల కన్నా ములాఖత్‌లకు ఎక్కువ మేలు చేసింది ఈ బస్సు టికెట్టేనని నాకు గట్టి నమ్మకం. ఆ వరుసలో నిలబడేది ఎక్కువగా ఆడవారే కదా. భర్త కోసం భార్య వస్తుంది, కొడుకు కోసం తల్లి వస్తుంది, అన్న కోసం చెల్లెలు వస్తుంది. మహిళా జైలు ముందు భార్య కోసం ఎదురుచూసే మగవారి వరుస అంత పొడవు ఉంటుందా అన్నది పాఠకులే ఊహించుకోవచ్చు.

చట్టం మాటకొస్తే, మన జైళ్లు ఇంకా చాలావరకు 1894 నాటి జైళ్ల చట్టం నీడలోనే నడుస్తున్నాయి. రాజ్యాంగం జైళ్లను రాష్ట్రాల జాబితాలో పెట్టింది గనుక నియమావళి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకుంటుంది, మూలం మాత్రం తెల్లవాడిదే. ఆ చట్టంలో నలభయ్యో సెక్షను, విచారణలో ఉన్న ఖైదీలు మాట్లాడదలచినవారిని తగిన వేళల్లో తగిన ఆంక్షలతో లోపలికి రానివ్వడానికి ఏర్పాటు చేయాలంటుంది. నలభై ఒకటో సెక్షను ఇంకా ఆసక్తికరం. వచ్చినవారి మీద అనుమానానికి ఆధారం ఉంటేనే సోదా చేయవచ్చునని, ఆ సోదా ఖైదీల ఎదుటగాని, వచ్చిన మరొకరి ఎదుటగాని జరగకూడదని అంటుంది. నూట ముప్పై ఏళ్ల కిందటి వలస పాలకులు రాసిపెట్టిన ఆ పాటి మర్యాద, మేము వెళ్లిన చోట కనిపించలేదు. వరుసలో నిలబెట్టి, ఒకరు చూస్తుండగా మరొకరిని, సంచులూ జేబులూ కొంగుముళ్లూ విప్పించి తడిమి పంపేవారు. తడిమేది ఆడ ఉద్యోగే, కాని మధ్యలో గుడ్డ తెర కూడా లేదు. గుడ్డ తెరకు బడ్జెట్టు అక్కర్లేదు.

సుప్రీంకోర్టు ఈ దారిలో చాలా ముందుకు నడిచింది. 1979 డిసెంబరులో రెండో సునీల్ బాత్రా కేసులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, కుటుంబమూ స్నేహితులూ వచ్చి చూడడం ఒంటరితనంలో ఊరట అని, దాన్ని లాక్కోవడంలో మానవత్వం నశించిన వ్యవస్థే సంతోషం వెతుక్కుంటుందని రాశారు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసు వచ్చింది. తీహార్ జైలులో ముందస్తు నిర్బంధంలో ఉన్న ఆమెకు అయిదేళ్ల కూతురు. నిర్బంధ ఉత్తర్వుల ప్రకారం నెలకు ఒక్క ములాఖత్. అదే జైలులో విచారణ ఖైదీలకు వారానికి రెండు. నేరం మోపబడని మనిషికి నేరం మోపబడిన మనిషి కన్నా తక్కువ ఇవ్వడం ఏ న్యాయమని అడిగి, ఆ నిబంధనను కోర్టు కొట్టివేసింది. కుటుంబాన్ని కలుసుకోవడం, వకీలుతో మాట్లాడుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని జస్టిస్ పి.ఎన్.భగవతి చెప్పారు. గొప్ప తీర్పు. అయినా గమనించండి, అక్కడ కూడా హక్కు లోపలి మనిషిదే. తల్లిని చూడడానికి ఆ అయిదేళ్ల పిల్లకు ఏ హక్కు ఉందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

అన్నిటికన్నా పెద్ద ఆంక్ష దూరం, దాన్ని ఎవరూ ఆంక్ష అనరు. వరంగల్ కేంద్ర కారాగారం నిజాం కాలంలో, 1886లో కట్టినది. 2021లో దాన్ని ఖాళీ చేయించి కూల్చేశారు; ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి కట్టాలన్నది నిర్ణయం. ఆసుపత్రి వద్దని నేను ఎలా అంటాను? కాని అక్కడి ఖైదీలను హైదరాబాదుతో సహా తలా ఒక జైలుకు పంచినప్పుడు, వారి కుటుంబాలను ఎవరు ఎక్కడికి పంచారు? ఏటూరునాగారం వైపు వారికి అసలు వరంగలే దూరం. ఆ పైన హైదరాబాదు మరో నూట యాభై కిలోమీటర్లు. కొత్త జైలు లేవకుండా పాతది పడిపోయిన ఆ క్షణాన, ఒక్క ఉత్తర్వు మీదా ఆ మాట లేకపోయినా, ఎందరివో ములాఖత్‌లు రద్దయిపోయాయి. ఖైదీలను వీలైనంత వరకు ఇంటికి దగ్గరి జైలులోనే ఉంచాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 59వది చెబుతుంది. జైలు కట్టేటప్పుడు గోడ ఎత్తు చూస్తారు, కాపలా బురుజులు చూస్తారు. బస్సు స్టాపు ఎంత దూరమో చూడడం కూడా అందులో ఒక లెక్క కావాలి.

ఇక్కడ నన్ను ఆపేవారు ఉన్నారు. అందరికన్నా ముందు ఆపింది మా ఊరి మనిషే. మా తమ్ముడి మీదున్నది గట్టు తగాదా కేసు. మాటా మాటా పెరిగి పార కామతో కొట్టాడు. అవతలి ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. ఒకరోజు తెల్లవారుజామున అదే నాలుగున్నర బస్సులో ఆయన భార్య ఎక్కింది, ఆయన్ను పట్నం ఆసుపత్రికి తీసుకువెళుతూ. మా సంచిలోని అరటిపళ్లు చూసి, "అత్తా, మా ఆయనకి అన్నం నేను కలిపి పెడుతున్నాను, నీ కొడుక్కి పళ్లు మోసుకెళ్తున్నావా?" అంది. పిన్ని తల వంచుకుంది. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆమెకు చెప్పగలిగిన సమాధానం నా దగ్గర ఇప్పటికీ లేదు. చట్టం తన కేసులో ఆమెను సాక్షిగా పిలుస్తుంది, వాయిదాకు రమ్మంటుంది, అంతకుమించి ఆమె వైపు చూడదు. ఆమె కోపం ఆ చూడకపోవడం మీద కూడా. ఆ కోపాన్ని నేను కాదనను. కాని పిన్ని పన్నెండు నిమిషాలను ఆరు చేస్తే ఆ చెయ్యి ఒక్క అంగుళమైనా పైకి లేవదు. బాధితుల కుటుంబానికి ఇవ్వాల్సింది ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాలి. ఇంకో తల్లి మంచినీళ్లు మానేసి నిలబడడం ఆ బాకీ కింద జమకాదు. పైగా శిక్ష ఇంకా పడనే లేదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 75.8 శాతం విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతోంది. అంటే జైలు గేటు ముందు నిలబడే ప్రతి నలుగురిలో ముగ్గురి మనిషి నేరం చేశాడో లేదో న్యాయస్థానం ఇంకా తేల్చలేదు.

రెండో అభ్యంతరం జైలు ఉద్యోగులది, అది కూడా కొట్టిపారేసేది కాదు. గంజాయి, సెల్ ఫోన్లు, సిమ్ కార్డులు లోపలికి పోతున్నాయి. ములాఖత్ అందుకు ఒక దారి. ఒక్క వార్డరు వందల మందిని చూసుకోవాల్సిన చోట జాలీ తీసేయమనడం సుళువు. నేను తీసేయమనడం లేదు. వేళలు ముందే ఇచ్చి, ఆ వేళకే పిలవమంటున్నాను. జాలీ స్థానంలో అద్దం, చెరో పక్క ఫోను పెడితే సరుకూ దాటదు, అరుపూ ఉండదు. వకీలు పనికి, తల్లి చూపుకు వేరువేరు వేళలు ఉండాలి. షెడ్డు పక్కన మరుగుదొడ్డి ఉండాలి. ఇవేవీ భద్రతకు అడ్డు కావు. 2022 సెప్టెంబరులో పంజాబ్ ప్రభుత్వం గోయింద్‌వాల్ సాహిబ్ జైలులో భార్యాభర్తలు ఒక గదిలో ఏకాంతంగా కలుసుకునే ఏర్పాటు మొదలుపెట్టింది. అంత దూరం పోయినవారు ఉండగా, మనం బల్లల దగ్గరే ఆగిపోయాం.

కరోనా కాలంలో, 2020లో, ములాఖత్‌లు ఆపేసినప్పుడు వీడియో పద్ధతి ముందుకు వచ్చింది. ఈ-ములాఖత్ పేరుతో అది ఇప్పటికీ ఉంది. దుబాయిలో పనిచేసే అన్నకు, కదలలేని ముసలి తండ్రికి అది వరమే. నా భయం వేరు. అమెరికాలో చాలా కౌంటీ జైళ్లలో వీడియో తెర వచ్చాక, ఆ పేరు చెప్పి ఎదురెదురుగా చూసుకునే గదినే మూసేశారు, తెర మీది నిమిషాలకు రుసుము పెట్టారు. తెర అదనంగా ఉండాలి, బదులుగా కాదు. అదే దేశంలో మిన్నెసోటా రాష్ట్ర జైళ్ల శాఖ, 2003 నుంచి 2007 వరకు విడుదలైన 16,420 మందిని గమనించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కసారైనా తమవారు వచ్చి చూసినవారికి మళ్లీ నేరం చేసి శిక్ష పడే అవకాశం 13 శాతం తక్కువగా తేలింది. అసలు ఇల్లంటూ ఉన్నవారికే చుట్టాలు వస్తారు, ఇల్లున్నవారు ఎలాగూ కుదురుకుంటారు అని ఎవరైనా అనవచ్చు; అధ్యయనం చేసినవారు ఆ తేడాలను సరిచూసే లెక్క కట్టారు. నాకైతే ఈ అంకె లేకపోయినా వాదన నిలబడుతుంది. మనిషిని చూడడానికి మనిషి వెళ్లడానికి, రేపు నేరాలు తగ్గుతాయన్న హామీ చూపించాల్సిన అవసరం ఏముంది?

సంగారెడ్డిలో పాత జైలును మ్యూజియంగా మార్చి, 2016లో, అయిదు వందలు కడితే ఒక రోజు ఖైదీలా ఉండే పథకం పెట్టారు. లోపలి అనుభవాన్ని అలా అమ్మకానికి పెట్టారు. గేటు బయటి అనుభవానికి టికెట్టు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మూడు నెలలు దాటాక తమ్ముడికి జామీను వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. లోపల వాడి పక్క పడక ఒక ముసలాయనది. అరవై దాటిన మనిషి, ఏజెన్సీ వైపు ఊరు, వాడున్నన్నాళ్లలో ఆయన పేరు ములాఖత్‌కు ఒక్కసారి కూడా పిలవలేదట. పోయిన నెల తమ్ముడు ఒక డజను అరటిపళ్లు కొనుక్కుని, ఆయన్ను చూడడానికి ఒక్కడే ఆ నాలుగున్నర బస్సెక్కాడు. కారణం గడిలో, పిన్ని చెప్పినట్టే, చూడడానికి అని రాశాడు. సంబంధం గడిలో ఏం రాయాలో తెలియక "పక్క పడక" అని రాశాడు. కిటికీ లోపలి ఉద్యోగి ఈసారి చదివాడు. ఇలాంటి సంబంధం ఉండదని, రక్తసంబంధమో, లేదంటే ఊరి సర్పంచి ఉత్తరమో ఉండాలని చెప్పి కాగితం వెనక్కి ఇచ్చేశాడు. వాడు పళ్లు తిరిగి ఇంటికి తెచ్చాడు, పిల్లలు తిన్నారు. వచ్చే మంగళవారం మళ్లీ వెళ్తానంటున్నాడు. ఈసారి "బాబాయి" అని రాస్తాడట.